రెండే సీట్ల ఎర్ర కారు

"కారు ఎవరు నడుపుతరు సార్?"

"పెళ్లికొడుకు."

జమున కంప్యూటర్ మీద నుంచి తలెత్తింది. ఎదురుగా కూర్చున్న మనిషి నవ్వడం లేదు. వానలో తడిసి వచ్చాడు. చొక్కా చేతుల నుంచి కారిన నీళ్లు ఇన్సూరెన్స్ ఆఫీసు గచ్చు మీద నల్లటి చుక్కలుగా పడుతున్నాయి. గోదావరిఖనిలో వాన కూడా బొగ్గు దుమ్మును వెంటబెట్టుకునే కిందికి దిగుతుంది.

"మీ పెళ్లా?"

"నాది కాదు మేడం. అందరియి."

అతని పేరు శాంతిరాజ్. ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో డంపర్ ఆపరేటర్. తండ్రి స్తెఫను వర్క్‌షాపులో ఫిట్టరుగా పనిచేసి, పోయిన చలికాలంలో చనిపోయాడు. ఆయన మిగిల్చిపోయింది ఒక పాత స్పోర్ట్స్ కారు. జ్యోతినగర్ నుంచి బదిలీ అయిపోతున్న ఒక ఇంజనీరు దగ్గర కొని, సొంతంగా విప్పి, సొంతంగా బిగించుకున్నాడు. ఎర్రది. పైకప్పు మడిచేయొచ్చు. బండి కొడుకు పేరు మీదికి మారింది గానీ, ఇన్సూరెన్స్ ఎప్పుడో అయిపోయింది.

"రెండే సీట్లు మేడం. డ్రైవర్‌ను పెడితే పెళ్లికూతురేడ కూసోవాలె? అందుకే మా నాయిన పెళ్లికి వారం ముంగట పిలగాన్ని పిలిచి గ్రౌండుల నడుపుడు నేర్పుతుండె. బారాత్‌ల పెళ్లికొడుకే నడపాలె. శ్రీరాంపూర్, రామకృష్ణాపూర్, ఎవలడిగినా పంపుతుండె. ఒక్క పైస తీసుకోకపోతుండె."

జమున చేతులు కీబోర్డు మీద ఆగిపోయాయి.

ఆ కారు ఆమెకు తెలుసు. నాలుగేళ్ల కిందట రామకృష్ణాపూర్‌లో, నుదుటికి బాసికంతో, తల వంచుకుని, ఆ ఎడమ పక్క సీట్లోనే కూర్చుంది. పక్కన జైపాల్ స్టీరింగును రెండు చేతులతో బిగబట్టి, చెమటలు కారుస్తూ నడిపాడు. పెళ్లయిన రెండో వానకాలం, జ్వరమని దవాఖానకు పోయినవాడు తిరిగి రాలేదు. అతని గని ఉద్యోగం మరిది కిషన్‌కు వచ్చింది. జమున అత్త సారవ్వతో కలిసి ఇక్కడ అద్దె ఇంట్లో ఉంటూ ఈ ఇన్సూరెన్స్ ఆఫీసులో చేరింది. కిషన్ ఎన్నిసార్లు రమ్మన్నా సారవ్వ పోదు. ఎందుకో చెప్పదు.

ఎదుటి మనిషికి ఇవేవీ చెప్పాల్సిన పని లేదు. మళ్లీ టైపు చేస్తూ అడిగింది.

"ఆ పిలగాండ్లకు లైసెన్స్ ఉంటుండెనా?"

"కొందరికి..."

"లైసెన్స్ లేనోళ్లు నడిపితే ఏ పాలసీ పనికి రాదు సార్. ఎవలకన్న తాకితే? కారు మీదున్న ఫికర్ మనుషుల మీద లేదా?"

"ముంగట డప్పోళ్లుంటరు మేడం. వాళ్లెంత జల్ది నడిస్తే కారంతే. ఇన్నేండ్లల్ల ఒక్క కోడి గూడ సావలే."

నవ్వు రాబోయింది. జమున గొంతు సవరించుకుని పాలసీల సంగతి మొదలుపెట్టింది. రోడ్డెక్కాలంటే థర్డ్ పార్టీ తప్పదు. అది అవతలివాళ్లకు జరిగే నష్టానికి. తన కారుకు దెబ్బ తగిలితే రావాలంటే ఫుల్ ఇన్సూరెన్స్ కావాలి. తక్కువ తిరిగే బండికి కిలోమీటర్ల లెక్కన తీసుకుంటే తక్కువలో అయిపోతుంది.

"మరి కారు ధర ఎట్ల కడతరు?"

"గింత పాత కారుకు ధర పట్టీ ఉండదు. మీరూ కంపెనీవాళ్లూ మాట్లాడుకోని ఒక మాట మీదికి రావాలె."

"ఇద్దరూ ఒప్పుకుంటేనేనా?"

"ఒప్పుకుంటేనే."

"ఒకలు ఒప్పుకోకపోతే?"

"కారు ఇంట్ల పెట్టుకోవాలె సార్," అంది జమున. "రేపు ఫోటోలకు వస్త. దుమ్ము దులిపి పెట్టుండ్రి."

*

అతనుండే కాలనీ సగం ఖాళీ అయిపోయింది. ఓపెన్‌కాస్టు ఇటువైపు జరుగుతోందని ఒక్కొక్కరే క్వార్టర్లు విడిచిపోతున్నారు. తలుపులు లేని ఇళ్ల మధ్య, తడి గోడల మధ్య, రేకుల షెడ్డు కింద ఆ ఎర్ర కారు ఒక్కటే పెళ్లికి తయారైనట్టుంది.

"పాత సొట్టలన్నీ ఫోటో తియ్యాలె సార్. ఇప్పుడున్న దెబ్బలకు తర్వాత క్లెయిమ్ రాదు."

"దెబ్బలు కావు మేడం, అన్నీ మనుషులే." శాంతిరాజ్ హుషారుగా కారు చుట్టూ తిరిగాడు. "గిది శ్రీరాంపూర్ నర్సింగన్న. వెనుకకు పొమ్మంటే ముంగటికి పోయిండు. గీ గీత వేణుమాధవ్ సార్‌ది. టీచర్. బ్రేకెక్కడుందో కనుక్కునేసరికి గోడొచ్చింది. నాయిన ఒక్కటి గూడ బాగు చేపియ్యలే. నేర్చుకున్న గుర్తులు, ఉండనియ్యి అంటుండె."

ఎడమ డోరు మీద అరచెయ్యంత సొట్ట.

"గిది గ్రౌండుల గోల్ పోస్టు! మా నాయిన ఇంటికొచ్చి నవ్వి నవ్వి చెప్పిండు, మావోడు గోలు కొట్టిండని. నేను డ్యూటీల ఉన్న, చూడలే. రామకృష్ణాపూర్ పిలగాడు. పేరు..."

"జైపాల్," అంది జమున.

"ఆ, జైపాలే! మీకెట్ల ఎరుక? సుట్టమా? ఇప్పుడన్న మంచిగ నడుపుతున్నడా?"

"లేడు."

శాంతిరాజ్‌కు అర్థం కాలేదు. ఆమె ఫోను దించి, ఆ సొట్ట మీద వేళ్లు పెట్టడం చూసి అర్థమైంది.

"ఆ పెళ్లికూతుర్ని నేనే సార్."

కిటికీల అద్దాలు గలగలమన్నాయి. గనిలో బ్లాస్టింగ్ వేళ. నేల అదిరింది. అది పూర్తయ్యేదాకా ఇద్దరూ కదలకుండా నిలబడ్డారు. తర్వాత జమున ఫోను పైకెత్తి, ఎడమ డోరును అన్నిటిలాగే ఫోటో తీసింది.

"ముందుగాల థర్డ్ పార్టీ చెయ్యుండ్రి మేడం," అన్నాడు అతను మెల్లగా. "మిగిలింది తర్వాత చూద్దాం. అమ్మేద్దామా అని గూడ అనుకుంటున్న. కాలనీ పోతున్నది. బారాత్‌లకు అడిగేటోళ్లెవలున్నరు?"

"ఓన్ డ్యామేజీ, అంటే మీ కారు దెబ్బలకు వచ్చేది, తర్వాతన్న కలపొచ్చు. అప్పుడు మళ్ల వచ్చి ఫోటోలు తీస్త."

మళ్లీ వస్తానని ఎందుకు అన్నదో, దారంతా ఆమె తనను తాను అడుగుతూనే ఉంది.

*

వాన విడవలేదు. శాంతిరాజ్ ఫోన్లు కూడా.

"మేడం, ఎలుకలు వైర్లు కొరికితే ఇన్సూరెన్స్ వస్తదా?"

"ఎలుక మీ ఇంటిదా, బయటిదా?"

"ఇంటిదే."

"అయితే దాన్నే అడుగుండ్రి."

ఫోను పెట్టాక సారవ్వ బియ్యం చేట మీద నుంచి చూసింది. "ఎవలు బిడ్డా?"

"ఎలుకలాయన."

సారవ్వ చేట్లో రాళ్లు ఏరుతూ, చాలా రోజుల తర్వాత కోడలి పెదవుల మీద మిగిలి ఉన్న ఆ కాస్త నవ్వును చూసింది. జమునకు ఆ చూపు తగిలింది. నవ్వు తీసేసుకుంది. తను ఒక గడప దాటితే ఈ గడపలో ఎవరుంటారు? సారవ్వకు రాత్రిపూట కళ్లు సరిగ్గా కనిపించవు. కిషన్ ఇంట్లో ఆమె మాట ఎవరికీ పట్టదు. ఆ కారుకున్నట్టే తన బతుక్కూ రెండే సీట్లు. ఒకటి సారవ్వది.

ఒక ఆదివారం, చర్చి అయిపోయిన వేళకు, ఆ ఎర్ర కారే ఇంటి ముందు సందులోకి వచ్చింది. శాంతిరాజ్ దిగాడు. ఇస్త్రీ చొక్కా. ముఖంలో ఏదో కానుక తెచ్చిన వెలుగు.

"చూడు జమునా," అన్నాడు. మేడం అనడం మరిచిపోయాడు.

ఆమె ఎడమ డోరు చూసింది. నున్నగా ఉంది. కొత్త ఎర్ర రంగులో ఆకాశం కనిపిస్తోంది.

"ఎవలు తియ్యమన్నరు?"

"నువ్వు దాన్ని చూసి గోసపడ్డవని... గదొక్కటే తీపిచ్చిన. తతిమ్మాయి ముట్టుకోలే."

"గోస నాది. సొట్ట గూడ నాదే. నిన్నడిగిన్నా?" గొంతు సందంతా వినిపించింది. "ఆయన చేత్తోని చేసింది లోకంల ఏమున్నది? గదొక్కటుండె!"

సారవ్వ గోడ పట్టుకుంటూ బయటికి వచ్చింది. సంగతేమిటని అడిగి, అతను తడబడుతూ చెప్పిందంతా విన్నది. తర్వాత డోరు మీద అరచెయ్యి పెట్టి, అటూ ఇటూ జరిపింది.

"గోల్ పోస్టుకు గుద్దిండా? ఇంట్ల చెప్పనే లేదు దొంగ ముఖంగాడు." ఆమె నవ్విందో, ఏడ్చిందో తెలియలేదు. "వానికి సైకిలే పెద్దగైనంక వచ్చింది."

"తప్పైంది అవ్వా," అన్నాడు శాంతిరాజ్. కారు వెనక్కి తీసుకుని వెళ్లిపోయాడు.

*

ఆ తర్వాత ఫోన్లు రాలేదు. ముసురు అలాగే ఉంది. ఆరేసిన చీరలు ఆరక ఇంట్లో తడి వాసన.

"ఎలుకలాయన ఫోన్ చేస్తలేడా?" అంది సారవ్వ ఒక సాయంత్రం.

"నాకెందుకత్తమ్మా?"

"మరి ఫోను దిక్కు ఊకె ఎందుకు చూస్తున్నవ్?"

జమున గిన్నెను ఇంకా గట్టిగా తోమింది.

"నేను కిషన్ దగ్గరికి ఎందుకు పోతలేనో ఎరుకేనా?" అంది సారవ్వ. "నేను పోతే నువ్వొక్కదానివే అయితవని."

జమున చేతులు ఆగాయి. "నేనూ గందుకేనత్తమ్మా. నేను పోతే నువ్వొక్కదానివే అయితవని."

ఇద్దరూ ఇన్నాళ్లూ ఒకరికొకరు కాపలా అనుకుని, ఒకరికొకరు అడ్డంగా కూర్చున్నారు. బయట చూరు నీళ్లు బకెట్లో పడుతున్నాయి.

"వాడు సొట్ట తీసింది నిన్ను బాధపెట్టేతందుకు గాదు బిడ్డా," అంది చివరికి సారవ్వ. "నువ్వు గోసపడుతుంటే చూడలేక తీసిండు. తెలివి తక్కువోడు. గానీ చెడ్డోడు గాదు."

మర్నాడు జమునే ఫోన్ చేసింది. "సార్, మీ ఓన్ డ్యామేజీ సంగతి అట్లనే ఉన్నది."

అవతల కాసేపు డంపర్ల మోత. "అమ్ముతలేను మేడం. చెయ్యుండ్రి."

"ఎవరు నడుపుతరు?"

మళ్లీ మోత. "మీరు నేర్చుకుంటరా?"

*

ఆమె ముందు లెర్నింగ్ లైసెన్స్ తెచ్చుకుంది. ఎర్రటి ఎల్ అక్షరం ముందూ వెనకా అంటించేదాకా డోరు తెరవనివ్వలేదు. "గిన్నేండ్లల్ల మా నాయినకు గిసోంటి పెళ్లికొడుకు దొరకలే," అన్నాడు శాంతిరాజ్.

గ్రౌండు చుట్టూ ఇళ్లు కూలిపోయి ఉన్నాయి. వచ్చే వానకాలానికి గ్రౌండు కూడా ఉండదట. ఒక్క గోల్ పోస్టు మాత్రం తుప్పు పట్టి నిలబడి ఉంది. మధ్యాహ్నం షిఫ్టు బస్సులు వెళ్లిపోయాక, మబ్బు కింద, సారవ్వ గొడుగు పట్టుకుని గట్టు మీద కూర్చుని చూసేది.

"క్లచ్ మెల్లగ... మెల్లగ జమునా... ఎడమకు గాదు!"

దబ్‌మని చప్పుడు.

ఇద్దరూ దిగి చూశారు. ఎడమ డోరు, గోల్ పోస్టు. ఇంచుమించు అదే చోట. కొత్త రంగు పెచ్చులూడి అరచెయ్యంత లోపలికి పోయింది.

జమున ముందు బిత్తరపోయింది. తర్వాత నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ అక్కడే, బురదలో, డోరుకు ఆనుకుని ఏడ్చింది. శాంతిరాజ్ ఈసారి ఏమీ బాగుచేయబోలేదు. పక్కన నిలబడి ఉన్నాడు, అంతే.

"దీనికి క్లెయిమ్ వస్తది," అంది ఆమె కళ్లు తుడుచుకుని.

"వద్దు. ఉండనియ్యి."

"ఉండనియ్యి," అంది జమున కూడా.

అతను గట్టు దగ్గరికి నడిచి సారవ్వ ముందు నిలబడ్డాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "అవ్వా, జమునను అడగాలనుకుంటున్న. ముందుగాల మిమ్మల్ని అడుగుతున్న."

సారవ్వ గొడుగు కింద నుంచి కారు వైపు చూసింది.

"మీ చర్చి పెండ్లికి బారాత్ ఉంటదా?"

"మన కాలనీల అందరికీ ఉంటది."

"అండ్ల రెండే సీట్లు గదా. మీరిద్దరు కూసుంటే నేనేడ కూసోవాలె?"

అడిగింది వేళాకోళంగానే. చివరి మాట దగ్గర మాత్రం గొంతు సన్నబడింది. కారు దగ్గర జమున కదలకుండా నిలబడిపోయింది.

"జమున నడుపుతది," అన్నాడు శాంతిరాజ్. "పక్కన మీరు కూసోవాలె."

"మరి నువ్వు?"

"డప్పోళ్లతోని ముంగట నడుస్త. ఎట్లైనా కారు మనిషి నడిచేటంత వేగంతోనే పోతది."

"వానొస్తే?"

"తడుస్త అత్తమ్మా."

సారవ్వ జమున వైపు చూసింది. జమున కళ్లు దించుకుని, ఎడమ డోరు తెరిచి పట్టుకుంది. సారవ్వ గొడుగు మడిచింది. గట్టు దిగి, కొత్త సొట్టను చేత్తో ఒకసారి తడిమి, కష్టంగా వంగి సీట్లో కూర్చుంది. కొంగు సర్దుకుని, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుంది.

జమున ఇంజను స్టార్ట్ చేసింది. శాంతిరాజ్ ముందు నడవడం మొదలుపెట్టాడు. చినుకులు పడుతున్నాయి.

"జల్ది పోకు బిడ్డా," అంది సారవ్వ. "ముంగట మనిషున్నడు."