ఆల్ఫా గామా సందులో

లిఫ్ట్ తలుపులు తెరుచుకునేసరికి సైంటిస్టు గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. కళ్లజోడు చెక్కుచెదరలేదు. ప్రాణం మాత్రం లేదు.

"పోయినాయన నీకు బావ," అన్నాడు చీఫ్, ఆఫీసులో ఏజెంటుతో. "ఈ కేసు ఇంకొకరికి ఇవ్వనా?"

"వద్దు సార్. నేనే చేస్తాను."

ఏజెంటుకి ఏడుపు రాలేదు. పొద్దున ఫోన్‌లో అక్క గుండెలవిసేలా ఏడుస్తుంటే, గోడమీది స్విచ్‌బోర్డు చూస్తూ ఊఁ కొట్టాడు, అంతే.

చీఫ్ స్క్రీన్ వెలిగించాడు. ఐదు రేకుల పువ్వులాంటి బొమ్మ.

"మెదడులో ఉండే గాబా రిసెప్టర్. ఐదు ముక్కల ప్రోటీన్, నడుమ దారి. ఆ దారి తెరుచుకుంటే నరం చల్లబడుతుంది. ఆల్ఫా, గామా అనే ముక్కల మధ్య ఒక సందుంది. కొన్ని నిద్రమాత్రలు పనిచేసేది అక్కడ కూర్చునే. దాని కొలతలు తేల్చింది మీ బావ. విదేశీ ముఠా వాటిని కాజేసి, ఆ సందులో అతికే గ్యాస్ చేసింది."

"పీలిస్తే చస్తారా?"

"చావరు. దేనికీ చలించరు. ఇవాళ సరిహద్దు చర్చలు. ఏసీలో వదిలితే మనవాళ్లు నవ్వుతూ సగం దేశం రాసిచ్చేస్తారు."

"విరుగుడు?"

"మీ బావే చేశాడు. అందుకే చంపేశారు. అదే సందులో కూర్చుంటుంది. తను పని చేయదు, ఇంకొకర్ని కూర్చోనివ్వదు. అచ్చం మన పైవాళ్లలాగా. ముఠాలో ఉన్న మన మనిషి దగ్గరుంది. ఆమె నిజంగా ఎవరి మనిషో ఆమెకే తెలియాలి."

ఏసీ మెకానిక్ వేషంలో ఏజెంటు కాన్ఫరెన్స్ హాలు వెనకున్న మెషిన్ రూములోకి వెళ్లాడు. ముత్యాల దండ, ఎత్తుమడమల చెప్పులు, చేతిలో పిస్టల్. కళ్లు తిప్పుకోలేనంత అందగత్తె. అతను మాత్రం పిస్టల్‌నే చూశాడు.

"ఫిల్టర్ ఎప్పుడు మార్చారు మేడమ్?"

"మార్చినా వాసన పోదు." కోడ్ సరిపోయింది. పిస్టల్ దించింది. "సిలిండర్ డక్ట్ లోపలుంది. టైమర్ నడుస్తోంది. వాల్వ్ కట్టెయ్, త్వరగా!"

ఇరుకు డక్ట్‌లో పాక్కుంటూ వెళ్లి వాల్వ్ పట్టుకున్నాడు. సిలిండర్ మూతి దగ్గర సన్నగా లీకవుతోంది. తియ్యటి వాసన. తిప్పితే ఏంటి, తిప్పకపోతే ఏంటి అనిపించింది. టైమర్ అంకెలు తగ్గుతుంటే ఎవరిదో గడియారం చూస్తున్నట్టు చూశాడు.

"తిప్పు!" వెనక నుంచి ఆమె అరిచింది.

"తిప్పుతాలే," అన్నాడు, కదలకుండా.

ప్యాంటు మీంచే పిక్కలో విరుగుడు సూది దిగింది.

ముందు భయం వచ్చింది. దాని వెనకే బావ వచ్చాడు. చదరంగంలో ఓడిపోతుంటే గుర్రాన్ని జేబులో దాచేసే బావ. ఏజెంటు పళ్లు బిగించి వాల్వ్ తిప్పేశాడు. అదే క్షణాన టైమర్ సున్నా చూపించి టక్కుమంది. గ్యాస్ రాలేదు. అతనికి మాత్రం ఏడుపొచ్చింది. ఆమె అతని చీలమండ పట్టుకుని ఉండిపోయింది.

చెవిలో చీఫ్ గొంతు. "హాల్లో ఎలా ఉంది?"

ముఖం తుడుచుకుని జాలీలోంచి చూశాడు. "బల్లలు గుద్దుతున్నారు సార్. ఒకళ్లనొకళ్లు తిట్టుకుంటున్నారు."

"హమ్మయ్య," అన్నాడు చీఫ్. "అయితే అందరూ క్షేమమే."