లిథియం బిగించమన్న అమ్మాయి

"మీకు లిథియం బ్యాటరీ బిగించడం రాదా, ఇష్టం లేదా? వారం నుంచి రేపూ మాపూ అంటున్నారు" అందామె.

"వచ్చు. కానీ పాత చార్జర్ దానికి పనికిరాదు. అదీ మార్చాలి."

"ఒకటి కొంటే ఇంకోటి అంటగట్టడమన్నమాట."

నేను మా బాబాయి వర్క్‌షాపులో ఎలక్ట్రీషియన్ని. ఆమె క్యాంపర్‌వ్యానునే ఇల్లు చేసుకుని, బొమ్మలు గీసుకుంటూ తిరిగే మనిషి. లోపలి లైట్లూ ఫ్రిజ్జూ నడిపే బ్యాటరీ సాయంత్రానికే నీరసపడిపోతోందని రోజూ మా షెడ్డుకొచ్చి చార్జింగ్ పెట్టుకునేది. అది ఎక్కేదాకా కబుర్లు. వ్యాను వెళ్లిపోయాక షెడ్డు వెనక గదిలో నేనొక్కడినే. పలకరించే దిక్కుండదు.

లిథియం బిగిస్తే ఇక ఆమెకు నాతో పనుండదు. చేజేతులా పంపేసుకోవడమే. కానీ ఎన్నాళ్లు వాయిదా వేస్తాను?

"రేపు బండి తెండి మేడం."

"మేడం ఏంటి, నేనేమన్నా మీ లెక్కల టీచర్నా?"

మర్నాడు వాన. రేకుల మీద చప్పుడికి మాటలు వినపడక ఇద్దరం దగ్గరగా నిలబడాల్సి వచ్చింది. అది చూసి బాబాయి ఎక్కడలేని పనీ గుర్తొచ్చినట్టు టీకొట్టుకి వెళ్లిపోయాడు.

సీటు కింద నుంచి పాత బ్యాటరీ బయటికి తీశాను. పారేసే ముందు దేన్నయినా టెస్టర్ పెట్టి చూడడం మా షాపు అలవాటు. పెట్టాను. లోడ్ పెంచినా ముల్లు పచ్చగీత దిగలేదు.

"ఇది నిక్షేపంగా ఉందే. మరి సాయంత్రానికే ఎందుకు పడిపోతోంది?"

ఆమె వానకేసి చూసింది. "పడిపోవట్లేదు."

"మరి రోజూ చార్జింగ్?"

"మీరు వైరు తగిలిస్తూ 'తిన్నారా' అని అడిగేవారు. నన్ను ఇంకెవరూ అడగరు. రోజూ అదే వంకతో రావాలంటే సిగ్గేసి, పెద్ద పని చెప్తే నాలుగు రోజులు ఇక్కడే ఉండొచ్చనుకున్నాను. మీరేమో వాయిదాలు. నేనంటే విసుగనుకున్నా."

ఒంటరితనం నా ఒక్కడి సొత్తనుకున్నాను ఇన్నాళ్లూ.

"విసుగై కాదు. బిగిస్తే వెళ్లిపోతారని భయం."

ఆమె మెల్లగా అంది: "ఒక్కదాన్నే వెళ్లడం, ఒక్కదాన్నే రావడం ఇక నావల్ల కాదు. మన సంగతి మీ బాబాయిగారికి మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

"నేనే చెప్తాను."

తడుస్తూనే టీకొట్టుకి పరిగెత్తాను. బాబాయి గ్లాసు పక్కన పెట్టాడు.

"ఏరా, పనైపోయిందా?"

"లేదు బాబాయ్. ఆ అమ్మాయిని పెళ్లి చేసుకుంటాను."

"నాకు చెప్తే ఏం లాభం? ఆ పిల్లకి చెప్పు."

"తనే పంపింది."

బాబాయి నన్ను ఎగాదిగా చూశాడు.

"మరి దాన్ని ఒక్కదాన్నే వదిలేసి వచ్చావేంట్రా? పో."