తుమ్మకు కట్టిన గుడ్డ

తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలని మా అత్త గుర్వమ్మ పట్టు. అందుకని నా భార్య శోభ అమ్రాబాద్ పక్కన గొర్ల కాపరుల పల్లెలో ఉంది. నేను షాద్‌నగర్‌లో డీసీఎం లారీ నడుపుతాను. జనవరిలో ఆమెను చూసిపోదామని ఆ బండి వేసుకునే వెళ్లి, పల్లె బయట నిలిపాను.

తెల్లారుతుండగా నొప్పులు మొదలయ్యాయి. ఊరంతా పొగమంచు. గొర్ల వాసన తప్ప ముందు ఏముందో తెలియడం లేదు. 108కు ఫోన్ కలవలేదు. శోభను క్యాబిన్ సీటు మీద పడుకోబెట్టి అత్త పక్కన కూర్చుంది. చలికి ఇంజన్ బిగుసుకుపోయింది. సెల్ఫ్ కొడితే రెండుసార్లు మూలిగి ఊరుకుంటోంది.

ఇలాంటి మొండి బండ్లను నేను చాలా చూశాను. ఎయిర్ ఫిల్టర్ ఊడదీసి, గాలి పీల్చే గొట్టం దగ్గర డీజిల్ గుడ్డ మండిస్తే, ఆ వేడికి ఇంజన్ అందుకుంటుంది. పక్కనే తుమ్మచెట్టుకు పాత గుడ్డ ఒకటి ముడేసి ఉంది. చూసుకోకుండా లాగేశాను. ఆత్రగాడికి బుద్ధి మట్టు అని ఊరికే అన్నారా!

"మామా, కొట్టు సెల్ఫ్!" అన్నాను.

మామ గుర్వయ్య తాళం తిప్పాడు. ఇంజన్ అందుకుంది. ఆ ఊపుకు మండుతున్న గుడ్డ నా చేతిలోంచి జారి గొట్టంలోకి పోయింది. తీసే తీరిక లేదు. మామ వెనక్కి ఎక్కాడు, నేను స్టీరింగ్ పట్టాను.

దారిలో వినిపిస్తున్న చప్పుడు నాకు నచ్చలేదు. ముక్కుతూ... ఆగుతూ... మళ్లీ ముక్కుతూ...

"అత్తా, శోభ గట్ల మూల్గుతాంది, జర చూడు."

"పిల్ల మూల్గుతలేదు అల్లుడా." అత్త ఇంజన్ వైపు చెయ్యి చూపింది. "తుమ్మకున్న గుడ్డ తీసినవా?"

"బండికి కాల్చిన."

"అయ్యో! కడుపుల పిల్లతోని సచ్చిన గోపమ్మ చీర గది. ఎవ్వలం ముట్టం..."

దవాఖాన ముందు తాళం తీశాను. ఇంజన్ ఆగలేదు. శోభను లోపలికి తీసుకుపోయారు. కాసేపటికి నా కొడుకు ఏడుపు వినిపించింది. ఈ పీడ వదిలించుకుందామని గొట్టానికి అరచెయ్యి అడ్డం పెట్టాను. గాలి అందకపోతే ఎంత మొండి ఇంజనైనా ఆగాల్సిందే.

చెయ్యిని లోపలికి లాగింది... వెచ్చగా... తడిగా...

దవాఖానలో నా కొడుకు ఏడుపు ఆగిపోయింది.

"పిలగాడు ఊపిరి తీస్తలేడు!" నర్సు అరిచింది.

చెయ్యి తీశాను. వాడు ఏడ్చాడు. నమ్మలేక మళ్లీ పెట్టాను, ఒక్క క్షణం. ఏడుపు ఆగింది. ఆ క్షణానికి నన్ను నేను క్షమించుకోలేను.

ఇది మూడో రోజు. దవాఖాన ముందు బండి ఇంజన్ ఆగకుండా నడుస్తూనే ఉంది. డీజిల్ అయిపోతే నా కొడుకు ఏమవుతాడోనని క్యాన్లతో తెచ్చి పోస్తున్నాను. నిన్న సాయంత్రం బంకులో స్టాకు లేదు. పొద్దున శోభ దగ్గరికి వెళ్తే దిగులుగా కూర్చుంది.

"మొన్న పాలతోని రైక తడిసింది. రాత్రి సంది సుక్క వస్తలేదయ్యా. పిలగాడు ఆకలికి ఆగుతలేడు," అంది.

పరుగున బయటికి వచ్చి ట్యాంకు మూత తీశాను. ఎండిపోయి ఉంటుందనుకుంటూ కర్ర దించాను. సగం దాకా తడిసి వచ్చింది. డీజిల్ రంగు కాదు. ముక్కు దగ్గర పెట్టుకున్నాను.

పాల వాసన.