మూసిన షాఫ్టు దగ్గర సైరన్

చీకటి పడ్డాక ఊరిగాంలో, గనిలోకి దిగే ఆ పాత షాఫ్టు దారిన ఎవరూ పోరు. గని మూతపడి ఇరవై ఏళ్లు దాటింది. సైరన్ ఊడదీసుకుపోయి కూడా చాలా కాలమైంది. అయినా నెల రోజులుగా, రాత్రి ఎనిమిది కొడితే చాలు — అది కూస్తోందట. లోపల పోయినవాళ్లు షిఫ్టుకు పిలుస్తున్నారట.

ఈ సంగతి సెలీనాకు శనివారం రైల్లో తెలిసింది. ఆమెకు వారమంతా బెంగళూరులో ఉద్యోగం. కూతురు నాన్సీ ఊరిగాంలో తాత అమోసు దగ్గర చదువుతోంది. పెంపకమంతా ఫోన్లోనే. పిల్ల స్కూలు బ్యాండులో ట్యూబా పట్టిందని, తనంత ఎత్తు ఇత్తడి బాకా ఇంటికి తెచ్చుకుందని తెలిసినప్పుడు కూడా సెలీనా ఫోన్లోనే జాగ్రత్తలు చెప్పింది. "ఇంట్లో ఊదొద్దు, పక్కింట్లో పసిబిడ్డ ఉండాది. వీధిలో ఊదొద్దు, జయలక్ష్మమ్మకు బీపీ. చర్చి దగ్గర అసలే వద్దు. ఎవురికీ ఇబ్బంది లేని చోట ఊదుకో."

సోమవారం పరీక్ష. ఎనిమిది లెక్కపెట్టేదాకా ఒక్క స్వరం నిలపకపోతే మాస్టరు ట్యూబాను ఇంకొకరికి ఇచ్చేస్తాడు.

రైలు దిగుతూనే ఫోన్ చేసింది. నాన్సీ ఎత్తలేదు. తాతా ఎత్తలేదు.

ఆటోలు లేవు. దగ్గర దారి... ఆ షాఫ్టు దారి ఒక్కటే.

గనిలోంచి తీసి పోసిన మట్టి తెల్లటి దిబ్బల పక్కగా నడిచింది. షాఫ్టు గేటు కనిపించింది. సరిగ్గా అప్పుడు —

"భోఁ... ఓఁ..."

భూమి అడుగునుంచి వచ్చినట్టు. సగంలో తెగింది. ఎవరో దగ్గారు. మళ్లీ మొదలైంది.

సెలీనా గేటు సందులోంచి తొంగి చూసింది. కూలిన షెడ్డులో ఒక దీపం... మనిషి తలంత ఎత్తులో, గాల్లో ఊగుతోంది. దాని పక్కన గుండ్రంగా, పెద్ద నోరు తెరిచినట్టు, ఏదో మెరుస్తోంది.

"యేసయ్యా..."

దీపం గిర్రున ఇటు తిరిగింది.

"ఎవురది?... సెలీనానా? చీకట్లో ఒక్కదానివే యాడికమ్మా?"

అమోసు! నెత్తిన తన పాత గని టోపీ, దానికి దీపం. పక్కన, ట్యూబాలో సగం మునిగిపోయి నాన్సీ.

"ఈ చోటికా బిడ్డను తెచ్చేది, నాయినా?"

"నువ్వే కదమ్మా చెప్పినావు," నాన్సీ గొణిగింది, "ఎవురికీ ఇబ్బంది లేని చోట ఊదుకోమని. మనుషులు రాని చోటు ఇదొక్కటే ఉండాది."

"ఇక్కడ దెయ్యముండాదని ఊరంతా..."

"మేమొచ్చినాకే వచ్చింది అది," అమోసు నవ్వాడు. "ఆరు లెక్కపెట్టేసరికే దమ్ము తెగిపోతా ఉండాది దానికి. ఊదు పాపా, మీ అమ్మ వినల్ల."

నాన్సీ బుగ్గలు పూరించింది. నాలుగు... ఐదు... ఆరు... సెలీనా తన ఊపిరి బిగబట్టింది. ఏడు...

ఎనిమిది!

ఇంకా ఆగలేదు. దిబ్బలకు తగిలి నిండుగా తిరిగొచ్చింది. అచ్చం ఆనాటి సైరనే.

"నిలిచింది! ఇంగ ఇంటికి పదండి," అంది సెలీనా.

అమోసు కదల్లేదు. ముప్పై ఏళ్లు తాను దిగిన షాఫ్టు వైపే చూస్తున్నాడు.

"ఇంగొక్కసారి ఊదు పాపా," అన్నాడు మెల్లగా. "ఇన్నాళ్లకు సైరన్ పూర్తిగా కూసింది. మొదటి కూతకు దిగేది... రెండో కూతకే కదా, లోపలున్నోళ్లు పైకొచ్చేది."

గేటు అవతల ఏదో చిన్నగా కదిలినట్టయింది. గాలేనేమో.

నాన్సీ తల్లి వైపు చూసింది.

"ఊదమ్మా," సెలీనా గుసగుసలాడింది. "నేను లెక్కపెడతాను."