నాయన వంతు బెల్లం

రాఘవమ్మ తిరుపతిలో బస్సు దిగి కాలేజీ చేరేసరికి పొద్దు గుంకింది. సన్నగా వాన పడుతోంది. మేడ మీద లాబ్‌లో కూతురు రేవతి ఒక్కతే ఉంది. ఏసీ చలి, స్పిరిట్ వాసన, బల్ల మీద పెట్టెలాంటి మిషన్ చేస్తున్న సన్నటి గురక.

"ఏంమ్మా, చెప్పకుండా వస్తివి? తినేదానికేమన్నా తెచ్చినావా?"

రాఘవమ్మ కొంగు మూట విప్పింది. బెల్లం ముద్ద. ఒక అంచున గోటితో గిల్లిన గుంట.

"నువ్వేనా గిల్లింది?"

చెరుకు ఆడిన ప్రతి ఏడూ, బెల్లం కాచే పెద్ద పెనం మొదటిసారి దిగగానే తొలి ముద్ద రాఘవమ్మ భర్త మునస్వామి ఫొటో ముందర పెడతారు. అది ఆయన వంతు. మరుసటేడు కొత్త ముద్ద వచ్చేదాకా ఎవరూ తాకరు. ఉడుకుతున్న ఆ పెనంలోనే పడి చనిపోయాడు రేవతి నాయన.

"తినలేదులేమ్మా. మొన్న ఊరికొచ్చినప్పుడు చిటికెడు తెచ్చి నీళ్లలో కలిపినా, అంతే. మన బెల్లంలో ఏ చక్కెర ఎంత ఉండాదో చూస్తా ఉండా. దానికే నాయన వచ్చి కొడతాడా?"

నవ్వుతూ స్క్రీన్ చూపించింది. మిషన్‌లో వెంట్రుక కన్నా సన్నటి గాజు గొట్టం ఉందట. కరెంటు పెడితే అందులో చక్కెరలు దేనికది విడిపోయి, ఒక్కొక్కటి ఒక్కో గుట్టలా స్క్రీన్ మీద లేస్తుందట.

"చక్కెర తనంతట తాను నడవదమ్మా. బోరాక్స్ అనే ఉప్పు కలిపితేనే నడుస్తాది. వేడెక్కితే పరిగెత్తి ఒకదాన్నొకటి తొక్కుకుంటాయి. చల్లబెడితే నిదానంగా, వరసగా వస్తాయి."

మూడు గుట్టలు లేచాయి. వాటి వెనక నాలుగోది.

రేవతి నవ్వు ఆగింది. "పొద్దుట్నించీ ఇదొకటి. ఏందో తెలీకుండా ఉండాది."

మిషన్‌ను చల్లబెట్టింది. మూడు గుట్టలూ ఆలస్యంగా వచ్చాయి. నాలుగోది మాత్రం అన్నిటికన్నా ముందొచ్చింది.

బెల్లం నీళ్లు తీసేసి మంచినీళ్లు పెట్టింది. మూడూ పోయాయి. నాలుగోది వచ్చింది... ఇంకా ముందు.

బోరాక్స్ కూడా తీసేసింది.

"ఇప్పుడింక ఏదీ నడవదు," అంది, తనకు తానే చెప్పుకున్నట్టు.

నడిచింది.

ఆ చలిలో ఏదో వాసన. మొదట చెరుకు పాల పచ్చి వాసన. తర్వాత నురుగుది. తర్వాత ముదిరిన పాకం... దాంట్లో కలిసి, మాడిన వెంట్రుకల వాసన. రాఘవమ్మ గుర్తుపట్టింది. మునస్వామి పోయిన నాటి వాసనే.

మిషన్ మీద వేడి అంకె ఎక్కుతోంది. ఎక్కుతూనే ఉంది.

"పాపా..."

గుసగుస. మిషన్ లోపలి నుంచి.

"పాపా... చెయ్యి చాపు."

పెనం దిగినప్పుడల్లా మునస్వామి అట్లే పిలిచేవాడు, చిన్న రేవతి అరచేతిలో గోరువెచ్చని బెల్లం పెట్టేందుకు.

మిషన్ మూత దానంతటదే లేచింది. రేవతి చెయ్యి చాపింది. రెప్ప వేయడం లేదు. వేళ్లు లోపలికి పోతున్నాయి...

"వద్దే!"

రాఘవమ్మ ఆమె రెక్క పట్టి లాగింది. ప్లగ్గు పీకేసింది. గురక ఆగింది. వాన చప్పుడు.

"ఇచ్చేస్తామయ్యా," ఆరిపోయిన ఆ పెట్టెకు చేతులు జోడించింది. "నీది నీకిచ్చేస్తాం. పాపను ఇడిసిపెట్టు."

కూతుర్ని వెంటబెట్టుకుని ఊరు చేరింది. ముద్దను ఫొటో ముందర పెట్టింది.

తెల్లవారి చూస్తే ముద్ద నిండుగా ఉంది. గిల్లిన గుంట లేదు. రాఘవమ్మ కళ్లకద్దుకుంది.

అప్పుడు కనబడింది చీమల బారు. ముద్దను తాకకుండా పక్కనుంచే సాగి, మంచం కోడు ఎక్కుతోంది.

రేవతి నిద్రలో ఉంది. చాచిన కుడి అరచేతి నిండా చీమలు. రాఘవమ్మ గబగబా తుడిచింది. అరచేతి నడుమ గోటితో గిల్లినంత గుంట. రక్తం లేదు.

"అమ్మా," కళ్లు తెరవకుండానే అంది రేవతి, "నాయన ఇంకో చెయ్యి చాపమంటా ఉండాడు."