పెంటయ్యగారూ, దయచేయండి

పెంటయ్య మెడలోని కాలర్‌లో ఎర్రలైటు మళ్ళీ వెలిగింది. నూకరత్నం చేతిలో అన్నంగిన్నె అలాగే ఉండిపోయింది. ఆవిడ అన్నదల్లా ఒక్కటే: "ఒరే పెంటయ్యా, సచ్చినోడా, అన్నం సల్లారిపోతంది రారా." ప్రేమగా పిలిస్తే ఎరుపేమిటి, ఖర్మ కాకపోతే!

ఆ రోజుల్లో విశాఖపట్నంలో కుక్కను దత్తత తీసుకోవడం ఆషామాషీ వ్యవహారం కాదు. వీధికుక్కల్ని చేరదీసే షెల్టర్‌వాళ్ళు కుక్కతోపాటు ఒక కాలర్ కూడా ఇచ్చేవారు. అందులో చిన్న మైకు, చిప్పు. ఇంట్లోవాళ్ళది ముద్దుమాటైతే పచ్చలైటు, తిట్టైతే ఎర్రలైటు. నెలాఖరుకి పచ్చ ఎక్కువుంటే కుక్క మీది. ఎరుపు ఎక్కువైతే ఎవరూ పిలవకుండానే వ్యాన్ వచ్చేస్తుంది. కుక్కల్ని ఎవరూ బాధపెట్టకూడదని పుట్టిన యంత్రం కనుక వ్యాన్‌వాళ్ళకీ అదే నియమం: లాగకూడదు, ఎత్తకూడదు, కసరకూడదు. మంచిమాటకి కుక్క తనంతట తానే ఎక్కాలి.

పెంటయ్యకి తల లాబ్రడార్‌ది, కాళ్ళు వీధికుక్కవి, తోక ఏ జాతిదో ఆ సింహాద్రి అప్పన్నకే తెలియాలి. నూకరత్నానికి వాడంటే ప్రాణం. అంతకుముందు పెంచిన రెండు కుక్కలూ ఏడాది తిరక్కుండా పోయాయి. అందుకే వీణ్ణి తెచ్చిన రోజే పెంటకుప్ప మీద ఓసారి దొర్లించి, ఆ పేరు పెట్టుకుంది.

కాలర్ తయారుచేసిన డాక్టర్ నీలవేణి చూడ్డానికి వచ్చి, ముందు ఆ పేరే మార్చమంది. పెంట అంటే చెత్త అని యంత్రానికి నేర్పారట. పిలిచినప్పుడల్లా ఎరుపేనట.

"సెత్తేనమ్మా," అంది నూకరత్నం. "సెత్తని యముడు ఎత్తుకుపోడు కదా. బంగారం అని పిలిస్తే ఆడి కన్ను పడదా?"

"మీ మనసు నాకర్థమైంది. మైకుకి మనసు వినపడదండీ," అంది నీలవేణి. పేరు ఉంచుకున్నా కనీసం మర్యాదగా మాట్లాడమని, వ్యాన్ బయల్దేరితే తను కూడా ఆపలేనని చెప్పి వెళ్ళింది.

ఏం చేస్తుంది? నూకరత్నం నోరు కట్టేసుకుంది. "పెంటయ్యగారూ, తమరు భోజనానికి దయచేస్తారా?" అంటే పచ్చ. "తమరి పాదాలు తుడవమంటారా?" అన్నా పచ్చే. అయితే ఆ ఇంట్లో 'తమరు'కి వేరే అర్థం ఉంది. మొగుడు సన్యాసిరావు మీద ఒళ్ళు మండినప్పుడే ఆవిడ నోట ఆ మాట వచ్చేది. అది వినపడగానే ఆయన చొక్కా తగిలించుకుని వీధిలోకి జారుకునేవాడు. పెంటయ్య ఇదంతా చూసినవాడే. తననీ 'తమరు' అనేసరికి మంచం కింద దూరాడు. క్రమంగా తిండి తగ్గించి, చివరికి ముట్టడమే మానేశాడు. డొక్కలు ఎండిపోయాయి, లైటు మాత్రం పచ్చగా వెలుగుతూనే ఉంది. ఆ కాలర్‌ని రోట్లో వేసి దంచాలనిపించింది నూకరత్నానికి.

నెలాఖరున నీలవేణి మళ్ళీ వచ్చింది. లెక్క బాగుందనీ, ఇంకొక్క పూట ఓపిక పడితే కుక్క మీదేననీ చెప్తూ మంచం కిందకి వంగి చూసి, మాట ఆపేసింది. నూకరత్నం అన్నంగిన్నె తెచ్చి మంచం ముందు ఠంగుమని పెట్టింది.

"ఒరే దరిద్రుడా! కన్నబిడ్డలా సాకితే నన్నే ఏడిపిస్తావట్రా? తిన్రా యెదవా, తిను!"

మంచం కింద తోక టపటపా కొట్టుకుంది. పెంటయ్య పాక్కుంటూ వచ్చి గిన్నెలో మూతి పెట్టాడు. ఆవిడ ఏడుస్తూ తిట్టింది, వాడు తోకాడిస్తూ తిన్నాడు. ముద్దముద్దకీ నాలుగు తిట్లు పడ్డాయి. నెల రోజుల పచ్చంతా ఆ ఒక్క పూటలో కొట్టుకుపోయింది.

వ్యాన్ వచ్చి గుమ్మంలో ఆగింది. ఇద్దరు దిగి, చేతులు కట్టుకుని, "పెంటయ్యగారూ, తమరు దయచేయండి," అన్నారు. పెంటయ్య రివ్వున మంచం కిందకి పోయాడు. బంగారుకొండ అన్నారు, బాబుగారన్నారు, బతిమాలారు. వాడు ఇంకా మూలకి జరిగాడు. ఆ 'తమరు' చెవిన పడగానే సన్యాసిరావు కూడా చొక్కా తగిలించుకుని వీధిలోకి పోయాడు.

వ్యాన్‌వాళ్ళలో ఒకడు చెమట తుడుచుకుంటూ లేచాడు. "మేడమ్, యంత్రం మీదే కదా. వీడు ఎలా పిలిస్తే వస్తాడో మీకేమైనా తెలుసాండీ?"

ఒక్క తిట్టు చాలని నీలవేణికి తెలుసు. నూకరత్నం కొంగు నోట్లో కుక్కుకుని ఆమెకేసే చూస్తోంది.

"తెలీదండీ," అంది నీలవేణి. "మర్యాద మాత్రం తప్పకండి. అలాగే పిలుస్తూ ఉండండి."