చేతుల కొలత

పిల్లలూ, ఊరందరికీ కొలతలు తీసే నేను మీకు మాత్రం ఎందుకు తీయనో ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు చెప్పక తప్పడం లేదు.

మా చినతాత దారిదోపిడీలు చేసేవాడు. ఆయన ఊసెత్తితే చాలు, ఇంట్లో పెద్దవాళ్ల నోటికి తాళం పడేది. అయినవాళ్లకు దూరంగా బిడ్డను పెంచుతున్నవాణ్ణి, మన రక్తంలో ఏముందో తెలుసుకోవాలనిపించింది. ఒక వానపొద్దున కొట్లోంచి మా మేనత్తకు ఫోన్ చేశాను. ఇస్త్రీ ఆవిరి, కొత్త గుడ్డ వాసన, రేకుల మీద చినుకుల చప్పుడు. పెద్దదానా, నువ్వప్పుడు పసిదానివి. చిన్నోడింకా పుట్టలేదు. ఫోన్ బల్ల మీద పెట్టి, మాట్లాడుతూనే నీ గౌనుకు కొలతలు మొదలుపెట్టాను.

"పుట్టలో చెయ్యి పెట్టకురా," అంది అత్త.

"చచ్చినవాడంటే భయమేంటత్తా?"

"ఆయన్ని పట్టించింది మా నాన్నేరా. ఇంటిల్లిపాదినీ జైల్లో వేస్తామని పోలీసులు బెదిరిస్తే, కోటు కుడతానని తమ్ముణ్ణి పిలిచాడు. చేతులెత్తమని, ఛాతీ చుట్టూ టేపు బిగించి పట్టుకున్నాడు. వాళ్లొచ్చేదాకా వదల్లేదు. అలా నిలబడినవాణ్ణి అలాగే కాల్చేశారు."

నా చేతిలో టేపు ఆగిపోయింది.

"అప్పట్నుంచీ మనవాళ్ల కొలత మనం తీయం. నీ పెళ్లి సూటు కూడా మీ నాన్న బయటే కుట్టించాడు, గుర్తుందా? తీస్తే ఆయనొస్తాడు... ఒరేయ్, పిల్లకి తీయలేదు కదా?"

నువ్వు చేతులెత్తి నిలబడి ఉన్నావు.

"దించమ్మా," అన్నాను.

"పట్టుకున్నారు నాన్నా."

"ఎవరు?"

కరెంటు పోయింది. ఫోన్ మూగబోయింది. కొట్టంతా కాలిన తుపాకి మందు వాసన... టేపు నా వేళ్లలోంచి జారుతోంది. ఎవరో లాగుతున్నారు. మెల్లగా. నీ ఊపిరి కురచవుతోంది.

కత్తెర తడిమి తీసి టేపు కోశాను. తెగిన అంచు తడిగా, వెచ్చగా ఉంది.

"అన్నా," అంది నా చెవి పక్కన ఒక గొంతు. ఓపిగ్గా. "చేతులు మిగిలాయి."

నిన్ను వదిలితే చాలనుకున్నాను. తెగిన టేపుతోనే కొలిచాను. భుజం నుంచి మోచేతికి. మోచేతి నుంచి కిందికి... ఇంకా కిందికి... మణికట్టు తగల్లేదు. చల్లటి చెయ్యి, నీది కాదు. కొలుస్తూనే ఉన్నాను. ఎంతకీ అయిపోలేదు.

కరెంటు వచ్చేసరికి నువ్వు నేల మీద నిద్రపోతున్నావు. నా ఎదురుగా ఎవరూ లేరు.

ఆ తర్వాత ఇళ్లు మారాం, ఊళ్లు మారాం. ఏం లాభం? చిన్నోడా, నెల తిరక్కుండానే నీ చొక్కాల చేతులు పొట్టివైపోతున్నాయి. భుజాలు మాత్రం పోయినేడాదివే సరిపోతున్నాయి.

నేను కొలిచి చూడను. మీరూ చూడకండి. రేపు మీకు పిల్లలు పుడితే, ఈ సంగతి వాళ్లకు చెప్పండి. దాచకండి.